తల నిండాకే కోత

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డులో కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుని, మిఠాయి కొట్లూ చీరల కొట్లూ దాటుకుని మీరంతా ఇక్కడికి వచ్చారు. ఒక శాస్త్రవేత్తను తలుచుకోవడానికి ఇంతమంది రావడం నాకెంతో సంతోషం. ఆయన మనకు దూరపు మనిషి కాదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చివరి ఎనిమిదేళ్ళూ పనిచేసింది మాత్రం మన పొరుగునే. న్యూజెర్సీ పొలిమేర దాటగానే న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరుంది. అక్కడి లెడర్లీ ప్రయోగశాలల్లో 1940 నుంచి, 1948 ఆగస్టులో కన్నుమూసేదాకా ఆయన పరిశోధన నడిపించారు.

సుబ్బారావు గారి పేరెత్తగానే మనకు మందులు గుర్తొస్తాయి. ఫోలిక్ ఆసిడ్, క్యాన్సర్ ఉన్న పిల్లల మీద మొదట వాడిన అమినోప్టెరిన్, బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్, ఆరియోమైసిన్. వాటి గురించి ఈ వేదిక మీద పెద్దలు చాలాసార్లు చెప్పి ఉంటారు. నేను ఇంకా వెనక్కి, ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేసిన రోజులకు వెళ్తాను. 1925లో ఆ ఇద్దరూ కలిసి ఒక ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరాన్ని తరచి చూడగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనిపెట్టారు.

ఎమ్మెస్సీలో ఉండగా ఆ పద్ధతిని నా చేత్తో చేశాను. పరీక్షనాళికలో నీళ్ళలా తేటగా ఉన్న ద్రావణం, అందులో మాలిబ్డేటు, దాని మీద క్షయకరణి. పది నిమిషాలాగితే నీలం. ఫాస్ఫేటు కొంచెం ఉంటే తెల్లవారుజాము ఆకాశం రంగు, ఎక్కువుంటే బట్టలకు పెట్టే నీలిమందు రంగు. బల్ల మీద వరసగా పది నాళికలు లేత నుంచి ముదురుకు నిలబడితే చూడ్డానికి ఎంత బాగుండేదో. మాకు పాఠం చెప్పిన మాస్టారు ఆ వరస చూపించి, "దీన్ని కనిపెట్టినాయన మన గోదావరి జిల్లావాడురా" అన్నారు. ఆ మాట విన్న రోజు నాకింకా గుర్తే.

ఏటీపీ విరిగితే శక్తి విడుదలవుతుంది, ఒక ఫాస్ఫేటు ఊడిపడుతుంది. ఊడిపడిన ఫాస్ఫేటును లెక్కపెడితే ఎంత ఏటీపీ ఖర్చయిందో తెలిసిపోతుంది. అంటే ఇంధనాన్నీ, ఆ ఇంధనం లెక్క చూసే కొలపాత్రనూ రెండింటినీ మనకిచ్చిన మనిషి ఆయన. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఇంధనాన్ని చూపు ఆననంత చిన్న జీవి ఒకటి ఎలా వాడుకుంటుందో, వాడుకుంటూ తన కత్తిని తానెలా అదుపులో పెట్టుకుంటుందో ఆ కథ. సుబ్బారావు గారి స్మృతికి ఇంతకన్నా తగిన విషయం నాకు తోచలేదు.

ఆ జీవి బాక్టీరియాకు పట్టే వైరస్. బాక్టీరియోఫేజ్ అంటారు, మేం ప్రయోగశాలలో ఫేజ్ అనేస్తాం. 1915లో లండన్‌లో ట్వార్ట్, 1917లో పారిస్‌లో డెరెల్ దాన్ని గుర్తించారు. నేను ఎక్కువగా చెప్పేది టీ4 అనే ఫేజ్ గురించి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా దాని ఆహారం. దానికి ఒక తల, ఒక తోక, సాలీడు కాళ్ళలాంటి ఆరు పోగులు. తలలో డీఎన్ఏ. తోకను సూదిలా గుచ్చి డీఎన్ఏను లోపలికి ఎక్కిస్తుంది. అరగంట తిరక్కుండానే బాక్టీరియా పగిలి, వందకు పైగా పిల్ల ఫేజ్‌లు బయటికొస్తాయి.

ఆ అరగంటలో జరిగే పనుల్లో నన్ను జీవితమంతా పట్టి ఉంచింది ఒకటే, తలలోకి డీఎన్ఏ ఎక్కించే పని. తల పొడవు 120 నానోమీటర్లు, వెడల్పు 86. అందులోకి వెళ్ళే డీఎన్ఏను సాగదీస్తే సుమారు 57 మైక్రోమీటర్లు, అంటే తల పొడవుకు దాదాపు 500 రెట్లు. కళ్ళకు కట్టేలా చెప్పాలంటే అన్నిటినీ పది లక్షల రెట్లు పెంచుదాం. తల జానెడు కూడా లేని చెంబవుతుంది, 12 సెంటీమీటర్ల ఎత్తు. డీఎన్ఏ రెండు మిల్లీమీటర్ల మందాన 57 మీటర్ల తాడవుతుంది. ఆ తాడు మామూలు తాడు కాదు, వంచితే ఎదురుతిరుగుతుంది, పైగా ఒళ్ళంతా రుణావేశం ఉండటంతో చుట్టకు చుట్ట తగిలితే నెట్టుకుంటుంది. దాన్ని చెంబులోకి, మూతి దగ్గరున్న చిన్న రంధ్రం గుండా, చిక్కు పడకుండా కూరాలి. ఐదు నిమిషాలలోపు ఆ పని పూర్తవుతుంది.

కూరేది ఒక మోటారు. ఆ మోటారు తాగే ఇంధనం ఏటీపీ. రెండు జతల డీఎన్ఏ అక్షరాలను లోపలికి లాగడానికి ఒక ఏటీపీ చొప్పున లెక్కేసుకుంటే, ఒక్క తల నిండడానికి సుమారు 85,000 ఏటీపీ అణువులు కావాలి. 2007లో కాలిఫోర్నియాలోని డగ్లస్ స్మిత్ బృందం వాషింగ్టన్ బృందంతో కలిసి, కాంతి పుంజాలతో డీఎన్ఏ కొసను పట్టుకుని ఈ మోటారు లాగుడును కొలిచింది. వేగం సెకనుకు 2,000 జతల దాకా పోయింది. లాగే బలం 60 పికోన్యూటన్లు దాటింది. మన కండరంలో ఒక మయోసిన్ అణువు చూపే బలానికి అది పది రెట్లకు పైమాటే. సుబ్బారావు గారు కండరంలో వెతికి పట్టిన ఇంధనం మీదే ఇదీ నడుస్తుంది.

వేగం, బలం గురించి వార్తాపత్రికలు రాస్తాయి. రాయవలసిందే. కానీ నా దృష్టిలో అసలు విశేషం అది కాదు. ఈ మోటారు చేతిలోనే కత్తి కూడా ఉంది. అదీ విశేషం.

కత్తి ఎందుకు? టీ4 తన డీఎన్ఏను ఒక్కో ప్రతిగా విడివిడిగా రాసుకోదు. ఒకదాని కొసకు మరొకటి అతుక్కుని, ఎన్నో ప్రతులు కలిసిన పొడవాటి పట్టీగా తయారవుతుంది. దాన్ని తలకు సరిపడా ముక్కలుగా కోసుకోవాలి.

మా అమ్మమ్మగారి ఊరు చీరాల దగ్గర. ఆ వీధిలో ఇంటింటా గుంట మగ్గమే. పడుగు ఒకసారి ఎక్కిస్తే నాలుగైదు చీరలు వరసగా దిగేవి. ఒక చీర పూర్తయ్యాక మా మేనమామ బెత్తెడు మేర పేక వేయకుండా ఉత్త పడుగు వదిలేసి, రెండో చీర మొదలుపెట్టేవాడు. కత్తెర ఆ ఖాళీ దారాల దగ్గరే పడాలి. నేను ఐదారేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు ఒకసారి కత్తెర తీసుకుని మగ్గం మీదికి ఒరిగాను. మామయ్య అరవలేదు. మెల్లగా నా మణికట్టు పట్టుకుని, ఆ ఖాళీ దారాలు వేలితో చూపించి, "ఇక్కడ తప్ప ఇంకెక్కడ పడ్డా నెల కూలి పోయినట్టే నాన్నా" అన్నాడు.

లాంబ్డా అనే ఫేజ్ మా మామయ్యలాగే కోస్తుంది. 48,502 జతలకొకసారి కాస్ అనే గుర్తు వస్తుంది. ఆ గుర్తు దగ్గర రెండు పోగుల్నీ 12 అక్షరాల ఎడంగా, మెట్టు మాదిరిగా కోస్తుంది. ఒక కాస్ నుంచి మరో కాస్ దాకా ఒక తలకు. ప్రతి తలలోనూ అదే మొదలు, అదే తుది. అయితే గుర్తు కనిపించినంత మాత్రాన లాంబ్డా కోసెయ్యదు. ప్రయోగశాలలో రెండు గుర్తుల మధ్య దూరం బాగా తగ్గించి చూస్తే, తల తగినంత నిండకపోవడంతో చివరి కోత సరిగా పడలేదు. గుర్తుతో పాటు నిండుదనం కూడా చూసుకుంటుందన్నమాట.

టీ4కు గుర్తుతో పనే లేదు. తల నిండిందా, కోత. అంతే. మా మగ్గం భాషలో చెప్పాలంటే, చీర అంచూ కొంగూ చూడకుండా, పెట్టెలో ఎంత బట్ట పడితే అంత కుక్కి, నిండగానే తెంపడం. వింటే ఇది మొరటు పద్ధతి అనిపిస్తుంది. కానీ పెట్టె కొలతలోనే ఉంది కిటుకు. టీ4 జన్యుపటం మొత్తం 1,68,903 జతలు. తలలో పట్టేది సుమారు 1,71,000. అంటే ఒక చీర పూర్తిగా, పైన ఇంకొంచెం. మొదటి పెట్టె కొంగుతో మొదలై, రెండో చీర కొంగు కాస్త తీసుకుని ఆగుతుంది. రెండో పెట్టె ఆ తర్వాత నుంచి మొదలవుతుంది. ఏ రెండు పెట్టెలూ ఒకేచోట మొదలు కావు. కానీ ఏ పెట్టె తెరిచినా ఒక చీరకు కావలసిన నేత మొత్తం ఉంటుంది. పైగా ప్రతి ముక్కకూ రెండు కొసల్లో ఒకే నేత. కొత్త బాక్టీరియాలోకి వెళ్ళాక ఆ ఒకే నేత ఉన్న కొసలే ఒకదాన్నొకటి గుర్తుపట్టి అతుక్కుని, మళ్ళీ పొడవాటి పట్టీ అల్లుకోవడానికి పనికొస్తాయి.

ఈ సంగతిని జార్జ్ స్ట్రైసింగర్ బృందం 1967లో ఎంత అందంగా తేల్చిందో చెప్పకుండా ముందుకు పోలేను. వాళ్ళు టీ4లో కొంత జన్యుభాగం ఊడిపోయిన రకాలను తీసుకున్నారు. గుర్తు చూసి కోసే ఫేజ్ అయితే ముక్క పొట్టిదవుతుంది. నిండుదనం చూసి కోసేదైతే ముక్క అంతే పొడవుంటుంది, కాకపోతే చీర పొట్టిదైంది కాబట్టి పైన పడే కొసరు పెరుగుతుంది. కొలిచి చూస్తే కొసరే పెరిగింది. డీఎన్ఏ అక్షరాలు చదివే యంత్రాలింకా పుట్టని రోజుల్లో, ఫేజ్‌లను ఒకదానితో ఒకటి సంకరం చేసి, పళ్ళెంలో మచ్చలు లెక్కపెట్టి వాళ్ళు ఈ మాట చెప్పగలిగారు.

ఇక కత్తి దగ్గరికి వద్దాం. వాషింగ్టన్‌లోని కాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో వెనిగళ్ళ బి. రావు గారి ప్రయోగశాల ఉంది. ఇంటిపేరు వినగానే మీ ముఖాల్లో వెలుగు కనిపిస్తోంది, నాకూ మొదటిసారి ఆ పేరు పత్రికలో చూసినప్పుడు అలాగే అయింది. ఆయన మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో లిండ్సే బ్లాక్‌తో కలిసి 1988లోనే ఈ మోటారు ప్రొటీన్లు రెండింటినీ శుద్ధిచేసి, పరీక్షనాళికలో తలల్లోకి డీఎన్ఏ ఎక్కించి చూపించారు. పెద్దదాని పేరు జీపీ17, చిన్నదాని పేరు జీపీ16. ఐదు జీపీ17 అణువులు తల మూతి దగ్గర వలయంగా కూర్చుంటే అదే మోటారు. ఒక్కొక్క జీపీ17 అణువుకూ రెండు భాగాలు. ముందు భాగం ఏటీపీని విరుస్తుంది. వెనక భాగం డీఎన్ఏను పట్టి కదుపుతుంది, దాన్ని కోసే కత్తి కూడా అక్కడే ఉంది. 2008లో రావు గారూ పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మైఖేల్ రాస్‌మన్ గారూ కలిసి దాని రూపం బయటపెట్టారు. రెండు భాగాలూ ఒకసారి సడలి, ఒకసారి బిగుసుకుని కనిపించాయి. సడలిన భంగిమ నుంచి బిగిసిన భంగిమకు వచ్చేటప్పటి కదలిక, రెండు జతల డీఎన్ఏ లోపలికి జరిగే దూరానికి సరిపోయింది.

లాగే చెయ్యీ కోసే కత్తీ ఒకే మనిషికి ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. లాగుతూ లాగుతూ మధ్యలో కోసేస్తే, తలలో సగం జన్యువులే ఉంటాయి. ఆ ఫేజ్ ఎందుకూ కొరగాదు. జీపీ17ను ఒంటరిగా బాక్టీరియాలో తయారుచేయిస్తే అది ఊరుకోలేదు, అక్కడ దొరికిన డీఎన్ఏను కోసిపారేసింది. ఈ సంగతి రావు గారి ప్రయోగశాల 1993లో ప్రచురించింది.

అదుపు తప్పిన కత్తి ఎలా ఉంటుందో నేను నా బల్ల మీదే చూశాను. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో, నిర్దిష్టమైన చోట మాత్రమే కోసే ఎంజైమును ఒకదాన్ని తొందరలో మోతాదుకు మించి కలిపాను. దానితో వచ్చిన గ్లిసరాల్ ఎక్కువైతే ఆ ఎంజైము తన గుర్తులు మరిచిపోయి దగ్గరి పోలికలున్న చోట్ల కూడా కోస్తుంది. మర్నాడు జెల్‌ను అతినీలలోహిత దీపం మీద పెట్టాను. మూడు నారింజరంగు గీతలు చక్కగా విడివిడిగా మెరవాలి. వాటి బదులు పై నుంచి కింది దాకా ఒకటే పొగ, వానలో తడిసిన ఉత్తరం మీద సిరా జారినట్టు. నాలుగు వారాలు కూడబెట్టిన డీఎన్ఏ అది. అప్పుడు నాకు మామయ్య పట్టుకున్న మణికట్టు గుర్తొచ్చింది.

టీ4లో ఆ మణికట్టు పట్టుకునేది జీపీ16. చాలా చిన్న ప్రొటీను, జీపీ17లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. దానికి సొంతంగా ఏ పనీ చేతకాదు. ఏటీపీని విరవలేదు, డీఎన్ఏను కోయలేదు. అలాంటిది అది లేకపోతే బాక్టీరియాలో టీ4 ఒక్క తలా నింపుకోలేదు. 2009లో రావు గారి ప్రయోగశాల నుంచి వచ్చిన పరిశోధన వ్యాసం దాని పని విప్పి చెప్పింది. జీపీ16 వచ్చి చేరితే జీపీ17 ఏటీపీని విరిచే వేగం ఎన్నో రెట్లు పెరిగింది. అదే సమయంలో కత్తి అదుపులోకి వచ్చింది. మొదలుపెట్టడానికి కావలసిన కోత పడుతుంది, ఇష్టమొచ్చినట్టు కోసే పని ఆగిపోతుంది. మోటారు తలకు చేరి లాగడం మొదలుపెట్టాక మాత్రం జీపీ16 అక్కడే ఉంటే అడ్డమే. ఎద్దును కాడికి తెచ్చేదాకా ముక్కుతాడు పట్టుకుని, దున్నేటప్పుడు వదిలేసినట్టు. ఈ మూడు పనులకూ పొందిక కుదిర్చే జీపీ16 లేకపోతే మోటారు వైరస్‌కే ప్రాణాంతకమని ఆ వ్యాసం చెప్పింది.

2011లో వచ్చిన మరో వ్యాసం ఇంకో మెలిక చూపించింది. నాకు అన్నిటికన్నా ప్రియమైన ఫలితం అది. జీపీ17 కత్తి నిజానికి అంత పదునైనది కాదు, నెమ్మదిగా కోస్తుంది. మెగ్నీషియం, ఉప్పు, జీపీ16, తన ముందు భాగం, ఇవన్నీ దాని మీద పనిచేస్తాయి. ఏటీపీ లేనప్పుడు జీపీ16 కత్తిని అణిచింది. ఏటీపీ ఉన్నప్పుడు అదే జీపీ16 కత్తిని ఉసిగొల్పింది. ముందు భాగంలో ఏటీపీ కూర్చుందా లేదా అన్న కబురు వెనక భాగంలోని కత్తికి చేరుతోందన్నమాట. మనం ఏటీపీ అంటే శక్తి అని పాఠాల్లో చదువుకున్నాం, పిల్లలకూ అలాగే చెబుతాం. ఇక్కడ అది బొగ్గు మాత్రమే కాదు, పచ్చజెండా కూడా. 1929లో ఒక తెలుగు మనిషి చేతిలో బయటపడిన పదార్థం, ఒక వైరస్ ఎప్పుడు కోయాలో చెప్పే మాటల్లో ఒకటైంది.

తల నిండిందని మోటారుకు ఎలా తెలుస్తుందని మీరు అడుగుతారు. సాల్మొనెల్లాకు పట్టే పీ22 అనే ఫేజ్ దీనికి జవాబు చెప్పింది. తల మూతి దగ్గర 12 అణువులతో కట్టిన ద్వారబంధం లాంటి వలయం ఉంటుంది. షెర్‌వుడ్ కాస్జెన్స్ బృందం 1992లో ఆ వలయంలో ఒక్కో చిన్న మార్పు ఉన్న పీ22లను పరీక్షించింది. అవి మామూలు కన్నా ఎక్కువ డీఎన్ఏ కూరుకుని గానీ కోయలేదు. అంటే ఆ ద్వారబంధమే కొలపాత్ర. లోపల ఒత్తిడి పెరిగి, చివరి చుట్టలు ఆ వలయం చుట్టూ బిగుసుకునేసరికి దాని ఆకారం మారుతుందనీ, ఆ మార్పు బయటున్న మోటారుకు తగులుతుందనీ అనుకుంటున్నారు. అప్పుడు లాగుడు ఆగుతుంది, కత్తి పడుతుంది. మోటారు నిండిన తలను వదిలి, తెగిన కొసను చేతపట్టుకునే మరో ఖాళీ తలకు పోయి అతుక్కుంటుంది.

ఇంత కట్టుదిట్టంలోనూ అప్పుడప్పుడు పొరపాటు జరుగుతుంది. పీ22 ఒక్కోసారి తన డీఎన్ఏ బదులు బాక్టీరియా డీఎన్ఏ పట్టుకుని తల నింపుకుంటుంది. 1952లో జిండర్, లెడర్‌బర్గ్ గుర్తించింది దీన్నే. అలా ఒక బాక్టీరియా జన్యువులు, మందులకు లొంగని గుణంతో సహా, మరో బాక్టీరియాకు చేరతాయి.

చివరిగా, ఇవన్నీ మనకెందుకని అడిగే యువకులకు ఒక్క సంగతి. హెర్పిస్ జాతి వైరస్‌లు కూడా ఇలాగే పొడవాటి పట్టీ అల్లుకుని, ఖాళీ తలల్లోకి లాగి, నిండాక కోస్తాయి. వాటి మోటారూ కత్తీ ఫేజ్‌ల మోటారుకు దూరపు చుట్టాలు. సైటోమెగలో వైరస్ అందులో ఒకటి. మనలో చాలామంది ఒంట్లో అది చడీచప్పుడు లేకుండా పడుకుని ఉంటుంది. ఎముకమజ్జ మార్పిడి చేయించుకున్నవారిలో రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోతుంది కాబట్టి అక్కడ లేచి ప్రాణాల మీదికి తెస్తుంది. పాత మందులు వైరస్ డీఎన్ఏ తయారీనే అడ్డుకునేవి. వాటిలో కొన్ని కొత్తగా మొలకెత్తుతున్న మజ్జను కూడా దెబ్బతీసేవి. కోసే యంత్రం వైరస్‌కే ఉంటుంది, మన కణాలకు ఉండదు. దాన్నే పట్టుకున్న మందు లెటర్మోవిర్. జర్మనీలో పుట్టింది, మెర్క్ కంపెనీ తీసుకుని పెంచింది, 2017 నవంబరులో అమెరికా ప్రభుత్వం ఆమోదించింది. మెర్క్ ప్రధాన కార్యాలయం రావేలో ఉంది. మీలో న్యూయార్క్ రైలెక్కేవాళ్ళకు మెట్రోపార్క్ దాటగానే వచ్చే స్టేషన్ అదే.

మజ్జ మార్పిడి అయిన మనిషి రోజుకొక మాత్ర చొప్పున, మార్పిడి తర్వాత కనీసం వందో రోజు దాకా లెటర్మోవిర్ వేసుకుంటాడు. ఆ రోజుల్లో ఎక్కడైనా వైరస్ కదిలి లేస్తే, ఆ కణంలో దాని డీఎన్ఏ తయారవుతూనే ఉంటుంది. కోసేవాడు లేక పొడుగ్గా, చీరకు చీర అతుక్కున్న తానులా, ఖాళీ తలల బయటే పడి ఉంటుంది.